నీళ్ళ బండి పగుళ్ళు

1987 మార్చి 1, ఆదివారం. నాగలమడిక.

ఈశ్వరప్పగారి ఉత్తరం నిన్న సాయంత్రం బస్సులో వచ్చింది. రెండుసార్లు చదివి, మూడోసారి చదవకుండా కట్టలో పెట్టేశాను. సంస్థ కార్యదర్శి కాబట్టి మర్యాదగానే రాశారు. సంస్థ నాకిచ్చిన నీళ్ళ పరీక్షల బండి పలకలు పగులుతున్నాయని జనవరిలో నేనే రాశాను, దానికి జవాబు ఇది. ఏప్రిల్ రెండో వారంలో ఇంజనీరు వెంకటరామప్ప వచ్చి చూస్తారట. పైతొడుగు గట్టిగా ఉందని ఆయన రాస్తే బండి ఇక్కడే ఉంటుంది. లేకపోతే లారీకి తగిలించి బెంగుళూరు తీసుకుపోతారు. బండితోపాటు నేనూ పోవాలి.

ఇంకా ఇరవైమూడు ఊళ్ళ బోరునీళ్ళు పరీక్ష చేయాల్సి ఉంది. ఏ బోరు నీళ్ళకు పిల్లల పళ్ళు గారపడుతున్నాయి, ఏ బోరు నీళ్ళకు పెద్దవాళ్ళ నడుములు బిగుసుకుపోతున్నాయి, ఏది తాగవచ్చు, ఏది తాగకూడదు. ఈ కరువులో ఊరికి ఉన్నవే నాలుగు బోర్లు, అందులో మంచిది ఏదో చెప్పేవాళ్ళు లేకపోతే ఎట్లా?

ఇది సంస్థకు రాయాల్సిన కారణం. ఇక్కడ రాసుకోవాల్సింది వేరే ఉంది. నాకు పోవాలని లేదు. పంతొమ్మిదేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, నలభై నాలుగో ఏట ఆ ఉద్యోగం మానేసి, ఎవరో విదేశీయులు విహారానికని కారు వెనక తగిలించుకుని తిరిగి, పాతబడ్డాక దానం చేసిన డబ్బాలాంటి బండిలో కాపురం పెట్టాను. ముందు సగం ప్రయోగశాల, వెనక సగం నా పడక. అందులో సుఖంగా ఉన్నానని ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. కానీ సుఖంగా ఉన్నాను.

మార్చి 4, బుధవారం

పగుళ్ళు లెక్కపెట్టాను. ముందు పలకలో పదకొండు, వెనక పలకలో ఏడు. బండి పక్కలు రెండూ అల్యూమినియం రేకు, వాటికి ఏమీ కాలేదు. ముందూ వెనకా వంపు తిరిగిన పలకలు మాత్రం ప్లాస్టిక్. ప్రతి పగులూ ఏదో ఒక స్క్రూ దగ్గర మొదలై, వెంట్రుకలా సాగి, తర్వాత వేలిగోరు దూరేంత వెడల్పవుతోంది. గాలి లేచినప్పుడల్లా పక్కనున్న ఎండిన ఏటి దుమ్ము అందులోంచి లోపలికి వస్తుంది. నిన్న పరీక్షనాళికల్లో మట్టి. ఎరుపు రంగు పసుపు వైపు తిరిగిందా లేదా అని చూసి నీళ్ళలో ఫ్లోరైడు ఎంతో చెప్పాలి నేను. మట్టి కలిస్తే ఏం చెప్పగలను?

ఇంకో సంగతి. పగుళ్ళన్నీ నా తలకన్నా జానెడు ఎత్తులోపే ఉన్నాయి. పైభాగంలో ఒక్కటీ లేదు. ఎండ పడేది పైనుంచి కదా. విచిత్రం.

ఎండే. ఇంకేముంటుంది?

మార్చి 7, శనివారం

కాపలాదారు కదిరయ్య బండి తుడిచాడు. ప్రతి శనివారం ఆయనకు ఇది పూజ లాంటిది. ముఖం చూసుకోవచ్చు, అంత మెరుపు.

మార్చి 11, బుధవారం

నా వల్లేనేమో అని రెండు రోజులుగా అనుమానం. గాజుసామాను కడగడానికి అసిటోన్ వాడతాను. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, ఇది మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. దాని ఆవిరి గోడలకు తగిలి ఇట్లా అయిందా? అయితే ఉత్తరంలో ఆ మాట రాయాలి కదా. రాస్తే, జాగ్రత్త లేని మనిషి చేతిలో బండి పెట్టామని అనుకోరా? పగుళ్ళు బయటినుంచి మొదలవుతున్నాయి, లోపలినుంచి కాదు. అంటే నా వల్ల కాదు. అయినా అనుమానం పోదు. నాకు అనుమానం పోవడం ఎప్పుడు జరిగింది గనక.

సాయంత్రం మెట్టు మీద కూచుని కదిరయ్య మాటలు విన్నాను. ఆయన అరవై దాటినవాడు. బోర్లు రాకముందు ముప్పై ఏళ్ళు కపిల తోలాడట. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడవడం, బాన బావిలో మునగడం, తోలు తొండంలోంచి నీళ్ళు కాలవలో పడటం, అన్నీ చేత్తో చూపిస్తూ చెబుతాడు. ఆ తోలును ఎండకు ఎండనీయకుండా కాపాడటమే సేద్యంలో సగం పని అంటాడు. బావులు ఎండాయి, ఎద్దులు పోయాయి. ఇప్పుడు నా బండికి కాపలా. "అప్పుడు నీళ్ళు తోడేదానికి కాపలా, ఇప్పుడు నీళ్ళు చూసేదానికి కాపలా" అని నవ్వాడు. ఆ నవ్వులో నాకు చాలా ఇష్టమైనది ఏదో ఉంది.

మార్చి 15, ఆదివారం

నాగక్క దొరికింది. మూడు వారాలకోసారి ఈ దారిన పోతుందట. బిందెలకు మాట్లు వేసే మనిషి. ఇత్తడి బిందెలు అందరూ అమ్ముకున్నారు, ఇప్పుడు బోరు దగ్గర వరసలో ఉన్నవన్నీ ప్లాస్టిక్ బిందెలే. తోపులాటలో రోజుకు ఒకటి పగులుతుంది. నాగక్క భుజాన గోనెసంచి నిండా పాత బిందె ముక్కలు, చేతిలో ఒక ఇనప బద్ద, ఒక కుంపటి. బోరు దగ్గర కూచుంటే మధ్యాహ్నానికి పది బిందెలు బాగుచేసి లేస్తుంది.

ఆమెను బండి దగ్గరకు తీసుకొచ్చాను. ముందు అరచేత్తో పలకను నిమిరింది. తర్వాత పలకల ప్లాస్టిక్‌తోనే చేసిన లోపలి అలమర తలుపు విరిగి పడి ఉంటే ఆ ముక్క తీసుకుని, కాలిన బద్ద అంటించి, ముక్కు దగ్గర పెట్టుకుంది. మా కాలేజీలో అంత ధీమాగా వాసన చూసి చెప్పిన మాస్టారు ఒక్కరూ లేరు.

"ఇది బిందె వంశం గాదు మేడమ్మా. రేడియో వంశం. బిందెముక్క దీనికి అతకదు. ఎంత కాల్చినా మొగం తిప్పుకుంటాది."

నిజమే. బిందెలది పాలిథీన్, దీనిది వేరే ప్లాస్టిక్. నేను పుస్తకంలో చదివిన సంగతి ఆమె పొగలో చదివింది. అయితే ఏం చేయాలి అంటే, దాని ముక్కే దానికి వేయాలంది. అప్పుడు నాకు తట్టింది. అలమర తలుపు ముక్కల్ని తురిమి అసిటోన్‌లో నానబెడితే గుజ్జు అవుతుంది. దాన్ని పగులులో నింపితే అసిటోన్ ఆరిపోయి అదే ప్లాస్టిక్ మిగులుతుంది. ఇన్నాళ్ళూ దేన్ని శత్రువనుకున్నానో అదే మందు.

కానీ నింపే ముందు చేయాల్సింది నాగక్క చెప్పింది. కుంపట్లోంచి బొగ్గు తీసి నూరి, ఆ పొడిని పగులు మీద రుద్ది తుడిచింది. పగులు నల్లటి గీతలా తేలింది. నాకు కనిపించిన చోటు దాటి ఇంకా అంగుళం ముందుకు పోయి ఉంది.

"చూసినావా, కంటికి కనబడేది సగమే. ఇది యాడ నిలిచిందో ఆడ సూదితో గుండ్రంగా బొక్క పెట్టల్ల. బొక్క దాటి పోదు. మూతి కట్టకుండా కడుపు పూడిస్తే పక్కనుంచి మళ్ళా బయలుదేరుతాది."

కదిరయ్య పక్కనే నిలబడి అన్నీ చూశాడు. ఆడమనిషి బండికి సూది పొడుస్తుంటే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. నీ బిడ్డకు టీకా వేయిస్తా ఉండాము, కండ్లు మూసుకో అని నాగక్క ఆటపట్టించింది. పోయేటప్పుడు మాత్రం వేళ్ళు వాసన చూసుకుని, ఈ పలకకు ఇంత జిడ్డు యాడిది అని అడిగింది. నీళ్ళసీసాలు ఇవ్వడానికి వచ్చే జనం చేతులు తగిలి ఉంటాయన్నాను. ఈ ఊళ్ళో గాలికే వేరుశనగ వాసన. చేతులకు ఉండదా?

మార్చి 18, బుధవారం

గుజ్జు మొదట రాగి అంబలిలా వచ్చింది, కారిపోయింది. ఇంకా ముక్కలు వేసి రెండు రోజులు ఉంచితే సంగటి పాకానికి వచ్చింది. పగులు అంచుల్ని చాకుతో గాడిలా చెక్కి, చివర బొక్క పెట్టి, గుజ్జు నింపి, వెనకనుంచి అదే ప్లాస్టిక్ పట్టీ అంటించాలి. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలి. స్క్రూలు మరీ బిగించి ఉన్నాయి, అర చుట్టు వదులు చేశాను. ఇవాళ మూడు పగుళ్ళు పూర్తయ్యాయి. చేతులంతా మంట. చాలా ఆనందంగా ఉంది.

మార్చి 22, ఆదివారం

పద్దెనిమిదీ అయిపోయాయి. తెలుపు మీద కొంచెం పసుపు తేడా కనిపిస్తుంది, కానీ గోరు పెట్టి గీసినా అతుకు తెలియదు. మధ్యాహ్నం గాలి లేచి ఏరంతా ఎర్రగా తిరిగింది. లోపల బల్ల మీద తెల్ల కాగితం పరిచి చూశాను. ఒక్క రేణువు పడలేదు. ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూచున్నాను.

ఓబక్క, కదిరయ్య భార్య, సంగటీ శనక్కాయల చట్నీ తెచ్చింది. బండి బాగుపడిందంట గదా, ఇంక మా ఆయప్పకు నిద్ర పడుతుందిలే అంది.

మార్చి 28, శనివారం

తుడిచాడు. మెరుస్తోంది.

మార్చి 30, సోమవారం. ఉగాది.

పొద్దున్నే ఓబక్క ఇంటికి పిలిచింది. రెండు ఒబ్బట్లు తిన్నాను. ఇంట్లో పిల్లల తలలు ఎండి రేగి ఉండటం చూసి, ఉగాది కదా, తలంటు పోయలేదా అని అడిగాను. అడగడమే తప్పయింది. ఓబక్క చేతిలో అట్లకాడ అట్లాగే పట్టుకుని కదిరయ్య వైపు తిరిగింది.

"తలంటుకు నూనె యాడుండాది? నాలుగు మూటల శనక్కాయలు పండితే, గానుగాడించి ఒక డబ్బా తెచ్చుకుంటిమి. ఇంట్లో తలలకు చుక్క లేదు, ఈయప్ప బండికి మాత్రం వారం వారం తలంటు."

కదిరయ్య సిగ్గుపడ్డాడు. పండగ పూట పెద్ద మర్యాద జరిగినట్టు తలవంచుకుని నవ్వాడు. ఎండకు ఎండితే ఏదైనా పగులుతుంది గదమ్మా అన్నాడు నాతో. తోలు తొండానికి ఎట్ల పూసేవాణ్ణో దీనికీ అట్లే. నీకు చెప్పలేదు, వద్దంటావని. నాకు అందినంత మేర పూస్తాను, పైకి చెయ్యి పోదు.

పైకి చెయ్యి పోదు.

నీళ్ళు తాగి, చాలా మంచి పని చేశావన్నాను. అన్నాను. ఇక్కడ రాసుకుంటే అన్నా అబద్ధం తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

మార్చి 31, మంగళవారం

నూనె వల్ల అని ఎట్లా చెప్పగలను? పరీక్ష చేయకుండా అనడం అన్యాయం. అలమర తలుపు ముక్కలోంచి రెండు పట్టీలు కోశాను. రెండింటినీ విల్లులా వంచి దారంతో కట్టాను. ఒకదాని వంపు మీద ఓబక్క దగ్గర తెచ్చుకున్న నూనె రెండు చుక్కలు. రెండోదానికి ఏమీ లేదు. రెండూ కిటికీలో ఎండకు పెట్టాను.

ఏప్రిల్ 1, బుధవారం

నూనె లేనిది అట్లాగే ఉంది. నూనె పూసినదాని వంపు నిండా తెల్లటి వెంట్రుకల్లా చీలికలు, ఒక చోట ఫట్టున తెగింది.

ఏప్రిల్ 2, గురువారం

చెప్పకపోవడానికి కారణాలు రాసుకుంటున్నాను.

ఆయన ముసలివాడు. ఇంట్లో పోపుకు లేని నూనెను బండికి పోశాడు. నీ ప్రేమే దీన్ని పగలగొట్టిందని ఎట్లా చెప్పేది? ఇప్పుడు చెబితే జరిగిపోయింది వెనక్కి రాదు. పగుళ్ళు ఎట్లాగూ పూడ్చేశాను. ఇంజనీరు వచ్చి పోయాక, నింపాదిగా, వేరే ఏదో మాటల్లో చెప్పవచ్చు. నూనె ఇంట్లో వాడుకోండి, పిల్లలకు పోయండి అనవచ్చు. అది చాలు.

ఇంజనీరుకు ఇవ్వాల్సిన రిపోర్టులో కారణం అనే గడిలో "తీవ్రమైన ఎండ" అని రాశాను. ఎండకు బాధ కలగదు.

ఏప్రిల్ 4, శనివారం

ఆయన బయట పూస్తూ ఉన్నాడు. నేను లోపల ఉన్నాను. పలకకు ఇవతల నేను, అవతల ఆయన చెయ్యి. గుడ్డ మెల్లగా తిరిగే చప్పుడు వినబడుతూనే ఉంది. ఇవాళ చెప్పాల్సిందే అనుకుని లేచాను. కంది గ్రామం నీళ్ళ లెక్క పూర్తి కాలేదని మళ్ళీ కూచున్నాను. అది నిన్ననే పూర్తయింది.

ఏప్రిల్ 6, సోమవారం

ముందు పలకలో నాలుగు అతుకులు విచ్చుకున్నాయి. నాగక్క పెట్టించిన బొక్కలు దాటి కాదు, అతుకు పొడుగునా, మధ్యలో. ఇంజనీరు వచ్చేది వచ్చే మంగళవారం.

ఇంక వేరే దారి లేక చెప్పాను. లేక చెప్పాను అనే మాట గుర్తుపెట్టుకోవాలి. ధైర్యం వచ్చి కాదు.

రెండు పట్టీలూ తెచ్చి మెట్టు మీద పెట్టాను. కదిరయ్యన్నా, రెండూ ఒకే ముక్కలోవి, దీనికి నూనె పూశాను, దీనికి పూయలేదు అన్నాను. ఆయన ముందు పూయనిది తీసి వంచి చూశాడు. తర్వాత పూసినది తీశాడు. వంపు మీద బొటనవేలు ఆనించి అటూ ఇటూ రాశాడు. పనిచేసిన చేతికి ఎక్కువ చెప్పాల్సిన పని ఉండదు.

"ఎన్ని దినాలయింది నీకు తెలిసి?"

"ఐదు రోజులు."

"శనివారం నేను పూస్తా ఉంటే లోపలే ఉండావు గదమ్మా."

"ఉన్నాను."

పట్టీని మెట్టు మీద మెల్లగా పెట్టి వెళ్ళిపోయాడు. కేకలు వేసి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 7, మంగళవారం

రాలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

రాలేదు. ఓబక్కను బోరు దగ్గర చూశాను. బిందె ఎత్తుకుని పోతూ, ఇంట్లోనే ఉండాడు, గోడ చూస్తా కూచోనుండాడు అంది. కోపంగా అనలేదు. నేనే అందులో కోపం వెతుక్కున్నాను.

తప్పు చేసింది ఆయన కదా, నేనెందుకు తప్పుచేసినట్టు తిరుగుతున్నాను? ఈ ప్రశ్నకు నాకు జవాబు తెలుసు. మార్చి నాలుగో తేదీ రాసింది ఇప్పుడే తిరగేసి చదివాను. పైభాగంలో పగుళ్ళు లేవని ఆరోజే చూశాను. నాగక్క జిడ్డు అన్న రోజూ విన్నాను. కెమిస్ట్రీ చదివిన మనిషికి అంతకంటే ఏం కావాలి? వెతికితే ఏం దొరుకుతుందోనని వెతకలేదు. సాయంత్రాలు మెట్టు మీద కూచుని వినే కథలు ఆగిపోతాయని. ఆయన మీద జాలి అని పేరు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 9, గురువారం

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఓబక్క చంకలో చేట, కదిరయ్య నెత్తిన తవుడు మూట. పూసిన నూనె తీయకుండా అతుకు వేస్తే మళ్ళీ పోతుందని ఆయనే ఇంట్లో కూచుని లెక్కేసుకున్నాడట. సబ్బుపెట్టి కడగడానికి నీళ్ళు ఎక్కడివి? నూనె కుండలను నీళ్ళు లేకుండా రాగి తవుడుతో రుద్దుతారు గదా, ఇదీ అంతే అంది ఓబక్క. ముగ్గురం కలిసి మధ్యాహ్నం దాకా పలకలు రుద్దాం. తవుడు నూనె పీల్చి ముద్దముద్దగా రాలింది. రాలిందంతా చేటలో ఎత్తి ఓబక్క గొర్రెలకు పెట్టింది. అవి నాకి నాకి తిన్నాయి. ఆరు నెలల నూనె, ఊరికే పోలేదులే అంది మొగుడితో.

కదిరయ్య నాతో ఆ ఐదు రోజుల సంగతి ఎత్తలేదు. పని మధ్యలో ఒక్క మాట అన్నాడు, పలకతో అన్నట్టు.

"తోలు నూనె తాగి మెత్తబడతాది. ఇది తాగి బిరుసెక్కుతాది. ఏం పుట్టుకో దీనిది."

ఏప్రిల్ 12, ఆదివారం

విచ్చుకున్న నాలుగూ మళ్ళీ చెక్కి నింపాం. ఈసారి గుజ్జు కలిపింది కదిరయ్య. నాకంటే బాగా కలిపాడు, ఒక్క ఉండ లేదు. మిగతా పద్నాలుగూ గోరుతో గీసి చూశాను. గట్టిగానే ఉన్నాయి. గట్టిగానే ఉన్నాయని నాలుగుసార్లు చూశాను.

ఏప్రిల్ 14, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

వెంకటరామప్ప పదింటి బస్సు దిగారు. మధుగిరి మనిషి, తెలుగు బాగానే వచ్చు. పొడుగ్గా, ముక్కుసూటిగా ఉంటారు. టీ కూడా తాగకుండా బండి చుట్టూ తిరిగారు. ప్రతి అతుకూ వేలితో కొట్టి చెవి పెట్టి విన్నారు. తర్వాత నీళ్ళు కొట్టి చూడాలి అన్నారు. రెండు బిందెలు కావాలి.

బోరు దగ్గర వరసలో ఈ మాట పాకేసరికి ఆడవాళ్ళు తిరగబడ్డారు. పొద్దు పొడవకముందునుంచి నిలబడిన నీళ్ళు బండికి పోస్తారా, బండి ఏమన్నా పెళ్ళికూతురా అని ఒకామె. చివరికి ఓబక్క తన వంతు బిందె ఇచ్చింది, ఇంకొకామె సణుగుతూ ఇంకోటి ఇచ్చింది. ఒక షరతు. కింద గంగాళాలు పెట్టి, కారిన నీళ్ళు పట్టి గొర్రెలకు పోయాలి. ఇంజనీరు ఒప్పుకున్నారు. ఆయన పోస్తుంటే చుట్టూ ఇరవైమంది ఆడవాళ్ళు ఒక్కొక్క చుక్కా ఎటు పోతుందో చూశారు. ఇంతకంటే కచ్చితమైన పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ జరగదు.

లోపల నేను తెల్ల కాగితాలు అంటించి ఉంచాను. ముందు పలక పొడిగా ఉంది. వెనక పలకలో ఒక మూల అణా బిళ్ళంత తడి. అంతే.

ఆయన మెట్టు మీద కూచుని నా రిపోర్టు తీశారు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగారు. మొహం మారింది. చాలా బాగా అతికారమ్మా, నిజంగా బాగా చేశారు, కానీ కారణం ఎండ అని రాశారు, అన్నారు. ఇంకా మే నెల రాలేదు. ఇక్కడి ఎండను నేను ఆపలేను, మీరూ ఆపలేరు. ఎండకే పగిలేదైతే ఇవాళ్టి అతుకులు జూన్ దాకా కూడా ఉండవు. బండిని నీడకు తీసుకుపోవాల్సిందే.

ఆ క్షణంలో నేను నోరు తెరవాలి. తెరవలేదు. చుట్టూ జనం, కదిరయ్య తలపాగా, ఓబక్క చూపు. నోట్లో మాట తయారవుతూనే ఉంది. ఎప్పటికీ తయారవుతూనే ఉండేదేమో.

"ఎండ గాదు సార్," అన్నాడు కదిరయ్య. "నేను."

ఇంజనీరు తలెత్తి చూశారు.

"ఆరు నెలలు శనక్కాయ నూనె పూసినాను. తోలనుకొని పూసినాను. ఈ మేడమ్మ ముక్కలు వంచి చూసి కనుక్కొనింది. నేను పూసిన మేర పగిలింది, పూయని మేర పగల్లేదు. పైన చూడు, నా చెయ్యి అందని చోట."

వెంకటరామప్ప లేచి పైకి చూశారు. ఖాళీ గంగాళం తిరగేసి దాని మీద ఎక్కి, పైభాగం అంతా చేత్తో తడిమి, స్క్రూల దగ్గర గోరుతో గీశారు. ఒక్క గీత లేదు. ఆర్నెల్లు నడినెత్తి ఎండ పడిన చోటు. దిగి వచ్చి పట్టీలు అడిగారు. తెచ్చి ఇచ్చాను. పక్క జిల్లాలో ఉన్న రెండో బండికీ ఇట్లాంటి పగుళ్ళే వచ్చాయట. అక్కడ దేనితో తుడుస్తున్నారో ఇప్పుడే ఉత్తరం రాసి కనుక్కుంటాను అన్నారు. ఎండను ఆపలేం గానీ నూనెను ఆపవచ్చు కదా అని నవ్వారు, మొదటిసారి.

బండి ఇక్కడే ఉంటుంది. కారణం దిద్ది రిపోర్టు పంపమన్నారు. మూడింటి బస్సుకు వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక కదిరయ్య నా దగ్గరకు వచ్చాడు. కోపం లేదు, కానీ వదల్లేదు.

"ఎండ అని రాసినావంటనే, నాకోసమా?"

అవునన్నాను. తర్వాత కాదన్నాను. సగం నీకోసం, సగం నాకోసం అన్నాను.

"నాకోసమైతే రాయొద్దు. నా పని నేను చెప్పుకుంటా. ఇంకో ఊర్లో ఇంకొకడు పూస్తా ఉంటాడు గదా, వానికెవరు చెప్తారు?"

నా డిగ్రీలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్న నాకు నేను వేసుకోలేదు.

ఏప్రిల్ 15, బుధవారం

రిపోర్టు దిద్దాను. తీవ్రమైన ఎండ అని రాసిన చోట అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాను. కొత్త కాగితం మీద రాసి పాతదాన్ని చింపేయవచ్చు. కొట్టివేత కనబడాలని అనిపించింది.

సాయంత్రం మెట్టు మీద కూచుని కదిరయ్యకు తెలుగులో చెప్పి వినిపించాను. కపిల తొండం అలవాటు మీద కాపలాదారు పలకలకు నూనె పూశాడనీ, ప్లాస్టిక్‌కు నూనె పడదనీ, స్క్రూల బిగువు దానికి తోడయిందనీ, పలకలు పొడి గుడ్డతోనే తుడవాలనీ, నూనె అంటితే తవుడుతో తీయవచ్చనీ. తవుడు సంగతి ఓబక్క పేరుతో రాశాను. అతికే పద్ధతి నాగక్క పేరుతో రాశాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అంతా సరిగ్గా ఉందా, ఇంకేమైనా కలపాలా అని అడిగాను.

కళ్ళు తెరిచాడు.

"నూనె మంచిదే అని రాయి మేడమ్మా. కల్తీది పూసినాడని అనుకుంటారు."

రాశాను. కారణం అనే గడిలో, ఇంగ్లీషులో, నూనె స్వచ్ఛమైనది, సొంత పంటది, గానుగలో ఆడించినది అని.

రేపు బలసముద్రం బోర్లు.